ఈరో సారినెన్

ఈరో సారినెన్ (1910 ఆగష్టు 20 - 1961 సెప్టెంబరు 1) ఫిన్లాండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన ప్రముఖ వాస్తుశిల్పి మరియు ఫర్నిచరు రూపకర్త. సెయింట్ లూయిస్ నగరంలోని గేట్‌వే ఆర్చ్, న్యూయార్కు కెనెడీ విమానాశ్రయంలోని టీడబ్ల్యూఏ టెర్మినల్, ఒంటికాలి ట్యూలిప్ కుర్చీ ఇతని ప్రసిద్ధ సృష్టులు. గతకాలం ఊహించిన భవిష్యత్తును నేటి కళలలోనూ గృహాలంకరణలోనూ తిరిగి వాడుకొనే ధోరణిని రెట్రోఫ్యూచరిజం అంటారు. ఆ ధోరణికి ఆధారమైన రూపాలలో అనేకం సారినెన్ కల్పించినవే. అయితే వాటిలో ముఖ్యమైన కట్టడాలు పూర్తికాక మునుపే ఇతడు మరణించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

సారినెన్ ఫిన్లాండులోని కిర్కొనుమ్మిలో జన్మించాడు. తండ్రి ఎలియెల్ సారినెన్ పేరుపొందిన వాస్తుశిల్పి. తల్లి లోయా గెసేలియస్ శిల్పకళలోనూ నేతపనిలోనూ ప్రవీణురాలు. తండ్రీకొడుకుల పుట్టినరోజు ఒకటే కావడం విశేషం. 1922లో షికాగో ట్రిబ్యూన్ భవన పోటీలో ఎలియెల్‌కు ద్వితీయ బహుమతి లభించింది. మరుసటి సంవత్సరం ఈ కుటుంబం అమెరికాకు తరలివెళ్ళి, తరువాత మిచిగన్ రాష్ట్రంలోని క్రాన్‌బ్రూక్ విద్యాకేంద్రంలో స్థిరపడింది. అక్కడి బాలికల పాఠశాలకు కావలసిన కుర్చీలను ఈరో యువకుడుగా ఉన్నప్పుడే రూపొందించాడు.

1929లో పారిస్ వెళ్ళి శిల్పకళ అభ్యసించాడు. తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో వాస్తుశాస్త్రం చదివి 1934లో పట్టభద్రుడయ్యాడు. కట్టడాన్ని శిల్పంగా భావించే దృష్టి ఇతనికి పారిస్ చదువు వలన బలపడింది.

భవిష్యత్తుపై నమ్మకం

యంత్రం, వేగం, విద్యుత్తు మానవజీవితాన్ని మార్చివేస్తాయన్న విశ్వాసం 1930లలో ప్రపంచమంతటా వ్యాపించి ఉండేది. హైదరాబాదు సంస్థానంలో 1931లో నిజాంసాగర్ పూర్తికావడం, ఆ కాలువల క్రింద పండే చెరకు ఆధారంగా 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడటం కూడా ఆ దశాబ్దపు పరిణామాలే. అమెరికాలో ఈ విశ్వాసానికి కన్నులపండువైన రూపం 1939 నాటి న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలోని ఫ్యూచరామా. రాబోయే నగరాలను, రహదారులను నమూనాలలో చూపిన ఈ ప్రదర్శనను నార్మన్ బెల్ గెడ్డెస్ రూపొందించాడు. 1938లో సారినెన్ ఆయన కార్యాలయంలో కొంతకాలం పనిచేశాడు.

ఫర్నిచరు రూపకల్పన

1940లో న్యూయార్కు ఆధునిక కళా సంగ్రహాలయం గృహోపకరణాల పోటీ నిర్వహించింది. అందులో సారినెన్, అతని మిత్రుడు ఛార్లెస్ ఈమ్స్ కలిసి పంపిన నమూనాలకు ప్రథమ బహుమతులు లభించాయి. శరీరపు వంపులకు అనుగుణంగా ప్లైవుడ్‌ను వంచి చేసిన ఆ కుర్చీలను పెద్దసంఖ్యలో తయారుచేయడానికి నాటి సాంకేతికత చాలలేదు. ఆ పోటీలో మొలకెత్తిన ఆలోచనను ఇద్దరూ వేరువేరు మార్గాలలో కొనసాగించారు. ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ స్థాపనకు దారితీసింది.

కాళ్ళు ముడుచుకొని ఒదిగి కూర్చోగల కుర్చీ కావాలని ఫ్లోరెన్స్ నోల్ కోరగా సారినెన్ ఊంబ్ కుర్చీని రూపొందించాడు. ఫైబర్‌గ్లాసుతో చేసిన ఈ కుర్చీ 1948లో విడుదలైంది.

భోజనపు బల్ల చుట్టూ కుర్చీలు చేర్చినప్పుడు కనిపించే కాళ్ళ గందరగోళం ఇతనికి నచ్చేది కాదు. దానిని తొలగించటానికి ఒకే కాడపై నిలిచే బల్లలు, కుర్చీలు రూపొందించాడు. 1950ల చివర విడుదలైన ఇవే ట్యూలిప్ శ్రేణిగా ప్రసిద్ధి చెందాయి. కుర్చీ అంతా ఒకే పదార్థంతో ఉండాలన్నది ఇతని కోరిక. కానీ కూర్చొన్న మనిషి బరువును సన్నని ప్లాస్టిక్ కాడ మోయలేదు. అందువలన ఆసనాన్ని ఫైబర్‌గ్లాసుతోను, కాడను అల్యూమినియంతోను చేసి, రెండూ ఒకటిగా కనిపించేటట్లు తెల్లని పూత పూయవలసివచ్చింది.

ప్రసిద్ధ కట్టడాలు

1947లో సెయింట్ లూయిస్ స్మారక పోటీకి తండ్రీకొడుకులు విడివిడిగా నమూనాలు పంపారు. ఎంపికైన వార్త పొరపాటున తండ్రి పేర వచ్చింది. కుటుంబమంతా ఆయన ఎంపికకు వేడుక చేసుకొన్న తరువాత, ఎంపికైనది కుమారుడని తెలిసింది. 630 అడుగుల ఎత్తున్న ఈ స్టెయిన్‌లెస్ స్టీలు తోరణం 1965 అక్టోబరులో పూర్తయ్యింది. ఎలియెల్ 1950లోనే కన్నుమూశాడు.

1956లో ప్రారంభమైన జనరల్ మోటార్స్ సాంకేతిక కేంద్రం ఇతనికి గొప్ప పేరు తెచ్చింది. ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ పట్టణంలో 1957లో పూర్తయిన మిల్లర్ గృహం, ఆధునిక గృహాలంకరణలో మేలిమలుపుగా పేరొందింది. దాని లోపలి అలంకరణలో అలెగ్జాండర్ జిరార్డ్ పాలుపంచుకొన్నాడు. ఆ ఇంటి నడిమి గదిలో నేలను దింపి, చుట్టూ మెత్తని ఆసనాలు అమర్చారు. మండువా లోగిలి ఎరిగిన తెలుగువారికి ఇంటి నడుమ పల్లం కొత్త కాదు. అయితే లోగిలిలో ఆ పల్లం వాననీటికి, మిల్లర్ గృహంలో కూర్చొని మాట్లాడుకోవటానికి.

టీడబ్ల్యూఏ టెర్మినల్ పైకప్పు నాలుగు కాంక్రీటు పెంకులతో రెక్కలు విప్పిన పక్షిని తలపిస్తుంది. లోపల మెట్లు, ఆసనాలు, సమాచార ఫలకాలు అన్నీ అదే వంపులో సాగుతాయి. ఇది 1962 మేలో ప్రారంభమైంది. వాషింగ్టన్ సమీపంలోని డల్లస్ విమానాశ్రయం కూడా అదే సంవత్సరం ప్రారంభమైంది. 1957లో సిడ్నీ ఒపేరా హౌస్ పోటీ న్యాయనిర్ణేతలలో సారినెన్ ఒకడు.

ప్రతి పనికి కొత్త శైలి అవలంబించడం వలన ఇతనికి స్థిరమైన పద్ధతి లేదని కొందరు సమకాలికులు విమర్శించారు. కాని, ప్రతి వస్తువును దానికంటే పెద్ద పరిసరంలో ఉంచి ఆలోచించాలన్న తండ్రి బోధనను ఇతడు విడువలేదు. కుర్చీని గదిలో, గదిని ఇంటిలో, ఇంటిని పరిసరాలలో భాగంగా చూడాలన్నదే ఆ బోధన.

వ్యక్తిగత జీవితం, మరణం

1939లో శిల్పి లిలియన్ స్వాన్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు సంతానం. విడాకుల అనంతరం 1954లో కళావిమర్శకురాలు ఎలైన్ లౌచ్‌హైమ్‌ను పెళ్ళిచేసుకొన్నాడు. వీరికి కలిగిన కుమారునికి మిత్రుని పేరు మీదుగా ఈమ్స్ అని పేరు పెట్టారు.

మెదడులో కణితికి శస్త్రచికిత్స జరిగిన అనంతరం 1961 సెప్టెంబరు 1న మిచిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో తన 51వ యేట మరణించాడు. మిగిలిన పనులను సహచరులు కెవిన్ రోచ్, జాన్ డింకెలూ పూర్తిచేశారు. అమెరికా వాస్తుశిల్పుల సంస్థ 1962లో మరణానంతరం స్వర్ణపతకంతో గౌరవించింది.

నేటి గృహాలంకరణపై ప్రభావం

1966లో మొదలైన స్టార్ ట్రెక్ టెలివిజన్ ధారావాహికలోని అంతరిక్షనౌకలో ట్యూలిప్‌ను పోలిన కుర్చీలు వాడారు. అవి వేరొక సంస్థ చేసినవైనా, ఒంటికాలి కుర్చీ అంతరిక్షయుగానికి గుర్తుగా జనుల మనసులో నిలిచిపోయింది.

విమానాలు పెద్దవై, ప్రయాణికులు పెరగడంతో టీడబ్ల్యూఏ టెర్మినల్ చాలకపోయింది. 2001లో అది మూతపడింది. రేపటి ప్రయాణానికని కట్టిన భవనం నలభై యేళ్ళకే పాతబడిపోయింది. అయినా కూల్చివేయక, 2019 మేలో దానిని హోటలుగా మార్చి తెరిచారు. నాడు ప్రయాణికులు ఎదురుచూసిన ఎర్రని పల్లపు విశ్రాంతిస్థలాన్ని నేడు నిన్నటి భవిష్యత్తును చూడగోరేవారు సందర్శిస్తున్నారు.

గుండ్రని ఒంటికాలి బల్ల, వంపు తిరిగిన అంచులు, తెలుపు ఎరుపుల కలయిక నేటి రెట్రోఫ్యూచరిస్టు ఇళ్ళలో తరచు కనిపిస్తాయి. చిన్న గదులలో ఒంటికాలి బల్ల వలన కాళ్ళకు చోటు దొరుకుతుంది, నేల ఊడ్వడం సులభమవుతుంది. కాళ్ళ గందరగోళాన్ని తొలగించాలన్న కోరికే ఆ రూపానికి మూలం. గదిని, అందులో నివసించేవారిని గమనించకుండా ఆకారాన్ని మాత్రమే తెచ్చుకొంటే అది పాత బొమ్మకు నకలు అవుతుందే తప్ప సారినెన్ పద్ధతి కాజాలదు.