కోయంబత్తూరు యంత్రశిల్పి జి.డి. నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో జన్మించారు. శైశవంలోనే తల్లి గతించింది. బడిచదువు ఆయనకు రుచించలేదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి పారిపోయేవారట! పాఠశాల సంచికలో చెప్పదగిన ముచ్చట కాకపోయినా, ఆయన జీవితకథలో దానిని దాటవేయడం కుదరదు.

యౌవనారంభంలో ఒక ఆంగ్లేయ అధికారి రడ్జ్ మోటారు సైకిలుపై పోవడం చూచి నాయుడుగారు విస్మయం చెందారు. ఎద్దుగాని, గుర్రంగాని లాగకుండానే బండి పరుగెత్తడమేమిటన్న ప్రశ్న ఆయనను నిలువనీయలేదు. కోయంబత్తూరు చేరి, హోటలులో సర్వరుగా పనిచేసి, పైసా పైసా కూడబెట్టి ఆ వాహనాన్నే కొన్నారు. కొన్న తరువాత దాని భాగాలన్నీ ఊడదీసి, తిరిగి బిగించి, మర్మం గ్రహించారు. ఆయన చదివిన ఇంజనీరింగు కళాశాల అదే.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ప్రత్తి వ్యాపారంలో లాభాలు గడించారు. ఆ ధనంతో బొంబాయి ప్రత్తి విపణిలో ప్రవేశించి సర్వమూ పోగొట్టుకున్నారు. భివండీ వాసులకు ఈ ఘట్టాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. నూలు ధర పెరిగినా తరిగినా ఇంటి పొయ్యిపై దాని ప్రభావం ఎట్టిదో వారెరుగుదురు. నాయుడుగారు 1920లో ఒకే ఒక బస్సుతో మళ్ళీ మొదలుపెట్టారు. పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య దానిని తామే స్వయంగా నడిపారు. కొన్నేండ్లలో ఆయన స్థాపించిన యూనివర్సల్ మోటార్ సర్వీస్ దక్షిణదేశంలో పేరెన్నికగన్న రవాణా సంస్థ అయింది.

1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి విద్యుత్ మోటారును తయారుచేశారు. భారతదేశంలో రూపొందిన మొదటి విద్యుత్ మోటారుగా దానికి ఖ్యాతి. మరమగ్గం ముందు నిలిచి పనిచేసేవారికి మోటారు విలువ తెలుసు. అది ఆగితే సాలె ఆగుతుంది, కూలి ఆగుతుంది. అటుపై కోయంబత్తూరు మోటారులకు, పంపులకు దేశంలోనే ప్రధాన కేంద్రంగా ఎదిగింది. బ్యాటరీతో నడిచే క్షౌరయంత్రం, పండ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా, ఓట్లు నమోదుచేసే యంత్రం కూడా ఆయన సృష్టులే.

బడిని వదలి పారిపోయిన ఆ మనిషే 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయానికి మూలపురుషుడై, దానికి ప్రిన్సిపాలుగా పనిచేశారు. ఇంజనీరింగు విద్యకు నాలుగేండ్లు అనవసరమనీ, రెండేండ్లు చాలుననీ ఆయన వాదన. ప్రభుత్వం సమ్మతించకపోవడంతో పదవి విడిచిపెట్టారు. చేతిపనికి పెద్దపీట వేయాలన్న పట్టుదల మెచ్చదగినదే గాని, గణితానికీ సిద్ధాంతానికీ పట్టే కాలాన్ని ఆయన తక్కువగా అంచనా వేశారనిపిస్తుంది. స్వయంకృషితో పైకి వచ్చినవారికి ఇది సహజం.

1952లో ఇద్దరు కూర్చోదగిన పెట్రోలు కారును రెండువేల రూపాయల వెలకు అందించేలా సిద్ధపరచారు. సామాన్య గృహస్థుకు సైతం కారు అందాలన్నది ఆయన సంకల్పం. అయితే 1951 నాటి పరిశ్రమల చట్టం ప్రకారం మోటారు వాహనాల తయారీకి కేంద్రప్రభుత్వ లైసెన్సు అవసరం. ఆ లైసెన్సు లభించలేదు. కారు ఉత్పత్తి నిలిచిపోయింది.

ఇటలీలో మరొక రైతుబిడ్డ, ఫెరూచియో లంబోర్గిని, 1948లో ట్రాక్టర్ల తయారీతో మొదలుపెట్టి, 1963లో కార్ల సంస్థ నెలకొల్పారు. 1966లో జెనీవా ప్రదర్శనలో నిలిపిన ఆయన మియురా కారులో పన్నెండు సిలిండర్ల ఇంజనును చోదకుని వెనుక అడ్డంగా అమర్చారు. సుమారు 350 అశ్వశక్తితో అది గంటకు 270 కిలోమీటర్లకు మించి పరుగెత్తగలిగేది. ధనవంతుల కోసం చేసిన ఆ కారు లోకమంతా తిరిగింది. సామాన్యుల కోసం చేసిన ఈ కారు కోయంబత్తూరు దాటలేదు.

నాయుడుగారు 1974 జనవరి 4న కన్నుమూశారు. వారి పేరిట కోయంబత్తూరులో వెలసిన ప్రదర్శనశాలలు నేటికీ విద్యార్థులను ఆకర్షిస్తున్నాయి. వాటిలో దేశదేశాల పాతకార్లకే కేటాయించిన ప్రదర్శనశాల 2015లో ప్రారంభమైంది.