ఇంటి వైద్యానికి లొంగని విరేచనాలు... యల్లాప్రగడ అన్వేషణ

నూజివీడు చుట్టుపక్కల మామిడి కాపు దిగే రోజుల్లో పెరళ్లలో టెంకలు పోగుపడతాయి. పెద్దవాళ్లు వాటిని ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడిని దంచి పొడి చేసి దాచుకుంటారు. కడుపు పాడై నాలుగు విరేచనాలైతే ఆ పొడిని కాస్త మజ్జిగలో కలిపి ఇస్తారు. అరగకపోతే వాము, వికారంగా ఉంటే శొంఠి. ఆయుర్వేదం అతిసారానికి చెప్పిన మందుల్లో మామిడి జీడి కూడా ఉంది. అందులోని వగరు పదార్థాలైన టానిన్లకు పేగు పొరను బిగపట్టే గుణం ఉంది. చిన్నపాటి కడుపు గడబిడ ఒకటి రెండు రోజుల్లో చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఆ కాస్త కాలం ఈ చిట్కాలు ఊరటనిస్తాయి.

చిక్కల్లా, విరేచనాలు ఆ రెండు రోజులతో ఆగనప్పుడే. వారాల తరబడి సాగే విరేచనాలు మనిషిని ఎలా తినేస్తాయో సొంత ఇంట్లోనే చూసిన వ్యక్తి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

అరటిపళ్లు అమ్మాలని పారిపోయిన పిల్లాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యంతో ముందే ఉద్యోగం మానుకున్నారు. ఇంట్లో ఏడుగురు పిల్లలు, చాలీచాలని రాబడి. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇల్లు వదిలి పారిపోతే, పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి వెంకమ్మ పట్టుబట్టి చదివించారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. కస్తూరి సూర్యనారాయణమూర్తి, కొందరు స్నేహితులు సాయపడితే మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. తర్వాత మూర్తి గారి కుమార్తె శేషగిరిని పెళ్లాడారు.

గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టి తరగతికి వెళ్లడం ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఫలితంగా సుబ్బారావుకు ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టా దక్కింది. దాంతో ప్రభుత్వ వైద్య ఉద్యోగమూ రాలేదు.

అన్నదమ్ములను తీసుకెళ్లిన జబ్బు

ఆయన యౌవనంలోనే ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. కారణం ట్రాపికల్ స్ప్రూ. ఆయుర్వేదం గ్రహణి అని చెప్పే లక్షణాలు దీనికి దగ్గరగా ఉంటాయి. ఈ జబ్బులో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్న తిండిలోని కొవ్వు, విటమిన్లు ఒంటికి పట్టవు. మలం పాలిపోయి, జిడ్డుగా, దుర్వాసనతో ఎక్కువ మొత్తంలో పోతుంది. నాలుక పూస్తుంది. రక్తం తగ్గుతుంది. మనిషి నెలల్లో ఎముకల గూడవుతాడు.

తర్వాత ఆ జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. అప్పటి ఆధునిక వైద్యంలో దానికి సరైన మందు లేదు. ఆయనకు వైద్యం చేసి నిలబెట్టింది ఆచంట లక్ష్మీపతి. లక్ష్మీపతి అల్లోపతి చదివి, ఆయుర్వేదం వైపు మళ్లిన వైద్యుడు. ఆయన నడిపే మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు. ఆయుర్వేద మందుల శక్తి ఆయన్ను ఆకట్టుకుంది. అవి ఎలా పనిచేస్తున్నాయో ఆధునిక పద్ధతుల్లో తేల్చాలని అక్కడే పరిశోధనకు దిగారు. మందు మేలు చేసిందని సంతోషించి ఊరుకోకుండా, జబ్బు మూలమేమిటి, మందు ఎక్కడ పనిచేస్తోంది అని అడగడం ఆయన తీరు.

బోస్టన్‌లో రాత్రి కొలువు

1920ల మొదట్లో అప్పు చేసి, దాతల సాయంతో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేశారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. తర్వాత కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల గుట్టు విప్పడంలో పాలుపంచుకున్నారు.

1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారాక, స్ప్రూ కథ మలుపు తిరిగింది. ముంబయిలో పనిచేసిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, గర్భిణుల్లో ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని 1931కే గుర్తించారు. అందులోని పదార్థమేదో అప్పటికి తెలియదు. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. 1945 నాటికి సుబ్బారావు బృందం దాని నిర్మాణాన్ని తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసింది. 1946కల్లా క్యూబా తదితర దేశాల్లో స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే ఆకలి పుట్టింది, నాలుక పుండ్లు మానాయి, రక్తం పెరిగింది.

పేగు లోపలి పొర కొన్ని రోజులకోసారి కొత్త కణాలతో మారుతుంటుంది. ఆ కణాలు పుట్టడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. పేగు పాడైతే ఫోలిక్ ఆమ్లం ఒంటికి పట్టదు, అది అందకపోతే పేగు కోలుకోదు. ఈ గిరిగీతను మాత్ర తెంచింది.

స్ప్రూకు నేడు ఫోలిక్ ఆమ్లంతో పాటు టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్‌ను నెలల తరబడి ఇస్తాం. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ కూడా, సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీలోనే బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా 1948లో వచ్చింది. బోదకాలు నివారణకు ఊరూరా పంచే డీఈసీ మాత్ర కూడా అక్కడిదే. ఆ ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు న్యూయార్క్‌లో గుండెపోటుతో మరణించారు. వెళ్లిన వారు మళ్లీ ఇంటికి రాలేదు. సోదరుల్ని కాపాడగలిగే మందులు ఆయన కళ్లముందే తయారయ్యాయి, వాళ్లు పోయిన ఎన్నో ఏళ్లకు.

జీడి పొడి ఎంతవరకు?

వాము నీళ్లు, జీడి పొడి పెద్దవాళ్లకు ఒకటి రెండు రోజులు వాడుకోవచ్చు. అయితే వాటితో విరేచనాలు కాస్త తగ్గినా, పోయిన నీరు, ఉప్పు తిరిగి రావు. ప్రాణం మీదికి తెచ్చేది అదే. కాబట్టి ముందు ఓఆర్‌ఎస్. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. స్పూన్లు తలగొట్టి కొలవాలి. ఉప్పు వేసిన గంజి, పలుచటి మజ్జిగ కూడా మంచివే. అన్నం మాన్పించవద్దు. చంటిపిల్లలకు తల్లిపాలు ఆపవద్దు, ఏ పొడీ నాకించవద్దు. పిల్లలకు డాక్టరు జింక్ రాస్తే విరేచనాలు తగ్గినా 14 రోజులూ వాడండి.

ఇలాంటప్పుడు వెంటనే ఆసుపత్రికి రండి:

• మలంలో రక్తం, ఎక్కువ జ్వరం, ఆగని వాంతులు
• బియ్యం కడుగు నీళ్లలా ధారగా విరేచనాలు
• మూత్రం తగ్గడం, కళ్లు లోతుకు పోవడం, బిడ్డ మత్తుగా ఉండటం
• పెద్దవాళ్లలో రెండు రోజులు దాటినా తగ్గకపోవడం. పసిబిడ్డలు, గర్భిణులు, వృద్ధులు, షుగరు ఉన్నవాళ్లు అంతవరకూ ఆగవద్దు

రెండు వారాలు దాటి విరేచనాలు సాగుతూ బరువు తగ్గుతుంటే, నాలుక పూస్తుంటే, మొహం పాలిపోతుంటే రక్త, మల పరీక్షలు తప్పనిసరి. ఇప్పుడు స్ప్రూ అరుదే అయినా పేగు క్షయ, పరాన్నజీవులు, థైరాయిడ్ సమస్యలు ఇలాగే మొదలవుతాయి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు సొంతంగా కొని మింగడమూ సరికాదు. బీ12 లోపం ఉంటే రక్తం మెరుగైనట్టు కనిపించినా నరాలు లోలోపల దెబ్బతింటాయి.

వంద గ్రాముల మామిడి పండులో 40 మైక్రోగ్రాములకు పైగా ఫోలేట్ ఉంటుంది. కడిగిన పండును శుభ్రమైన చేతులతో కోసుకుని నిక్షేపంగా తినండి. వేసవి విరేచనాల్లో చాలావాటికి కారణం పండు వేడి చేయడం కాదు, ఈగలు వాలిన కోత ముక్కలు, కలుషితమైన నీళ్లు. జీడి పొడి డబ్బా వంటింట్లో ఉండనివ్వండి. దాని పక్కనే రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కూడా ఉంచండి.