మంగళ్‌యాన్: ఆరు నెలలకని వెళ్లి ఏడున్నరేళ్లు

2022 అక్టోబరు 3న ఇస్రో ఒక ప్రకటన ఇచ్చింది. మంగళ్‌యాన్‌తో సంబంధాలు తెగిపోయాయి, వాటిని పునరుద్ధరించే వీల్లేదు, దాని ఆయుష్షు తీరింది అన్నది అందులోని సారాంశం. కుజుడి కక్ష్యలోకి చేరిన రోజున దేశమంతా టీవీలకు అతుక్కుపోయింది. పోయిన సంగతి మాత్రం చాలామందికి తెలియనే లేదు. పుట్టినప్పుడు పండగ చేసుకున్నవాళ్లం, పోయినప్పుడు నాలుగు మంచి మాటలైనా చెప్పుకోవాలి కదా. ఆ బాధ్యతతోనే ఈ నివాళి.

కేంద్ర మంత్రివర్గం ఈ యాత్రకు ఆమోదం తెలిపింది 2012 ఆగస్టులో. అదే నెల 15న ఎర్రకోట మీద నుంచి అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దేశానికి చెప్పారు. ఆ తర్వాత చేతిలో ఉన్నది 15 నెలల వ్యవధి. భూమీ కుజుడూ అనుకూలమైన స్థానాలకు రావడం 26 నెలలకు ఒకసారే. 2013 నవంబరు దాటిందా, 2016 దాకా ఆగాల్సిందే. పోనీ బలమైన రాకెట్ ఉందా అంటే అదీ లేదు. జీఎస్‌ఎల్‌వీ 2010లో రెండుసార్లు విఫలమై ఉంది. నమ్మదగింది పీఎస్‌ఎల్‌వీ ఒక్కటే, దానికేమో నౌకను నేరుగా కుజుడి దారిలోకి విసిరే సత్తువ లేదు. అందుకని నౌకను భూమి చుట్టూనే తిప్పుతూ, ఇంజిన్ మండించిన ప్రతిసారీ కక్ష్యను మరికాస్త సాగదీస్తూ పోయారు. నాలుగోసారి అనుకున్నంత ఎత్తు రాలేదు. మర్నాడే మళ్లీ మండించి లోటు పూడ్చారు.

ఆ ప్రయోగం జరిగింది 2013 నవంబరు 5, మధ్యాహ్నం 2.38కి. ఆ రోజు మంగళవారం. మన ఇళ్లలో మంగళవారం కొత్త పని మొదలుపెట్టరు, ప్రయాణం పెట్టుకోరు. పెళ్లీడుకొచ్చిన పిల్ల జాతకంలో కుజదోషం ఉందన్న మాటకు కుదిరిన సంబంధాలు తప్పిపోయిన కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అలాంటి తెలుగు నేల మీద, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోట నుంచి, మంగళవారం పూటే, ఆ కుజుడి దగ్గరికే మనవాళ్లు ప్రయాణం కట్టించారు. జాతక చక్రంలో ఏ గడిలో ఉన్నాడా అని భయపడుతూ చూసిన కుజుణ్ని కొండలూ లోయలూ దుమ్ము తుపానులూ ఉన్న చోటుగా మన సొంత కెమెరాతో మనకు చూపించారు. ఆ నౌక మీద నాకున్న ప్రేమలో సగం ఇందుకే.

2014 సెప్టెంబరు 24 ఉదయం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. దాదాపు 66 కోట్ల కిలోమీటర్లు ప్రయాణించి వెళ్లిన నౌక కుజుడి ఆకర్షణకు చిక్కాలంటే వేగం తగ్గాలి. తగ్గించాల్సింది పెద్ద ఇంజిన్. అది 2013 డిసెంబరు 1న భూమిని వదిలేటప్పుడు మండింది, ఆ తర్వాత దాదాపు 300 రోజులు ఊరికే ఉంది. గడ్డకట్టే చలిలో అన్నాళ్లు మూసి ఉంచిన కవాటాలు తెరుచుకుంటాయా? ఇంజినీర్లు ఈ అనుమానంతోనే ఇంధనానికి రెండో దారి కూడా ముందే అమర్చారు. పెద్దది మొండికేస్తే ఎనిమిది చిన్న ఇంజిన్లతో పని నెట్టుకురావాలని మరో పథకమూ సిద్ధం చేసుకున్నారు. సెప్టెంబరు 22న పెద్ద ఇంజిన్‌ను నాలుగు సెకన్లపాటు మండించి చూశారు. మండింది. అసలు ఘట్టం రెండు రోజుల తర్వాత, ఉదయం 7.17కి మొదలైంది. ఇంజిన్ 24 నిమిషాలు మండాలి. అప్పటికే నౌక కుజుడి నీడలోకి వెళ్లింది, ఎండ లేదు. మండడం మొదలైన కొద్ది నిమిషాలకే కుజుడి వెనక్కి వెళ్లిపోయింది, సంకేతాలూ లేవు. ఒకవేళ ఎదురుగానే ఉన్నా, అక్కణ్నుంచి కబురు రావడానికే 12 నిమిషాలకు పైగా పడుతుంది. అంటే తప్పు జరిగితే ఇక్కడున్నవాళ్లు చేయగలిగింది శూన్యం. ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు మండాలి, ఎప్పుడు ఆగాలి అన్న ఆదేశాలన్నీ ముందే దాని కంప్యూటర్‌లోకి ఎక్కించి, బెంగళూరులో తెరల ముందు కూర్చున్నారు. చివరికి వెనక నుంచి బయటికొచ్చి అది కబురు పంపింది. తొలి ప్రయత్నంలోనే కుజ కక్ష్యకు చేరిన తొలి దేశం మనదైంది. ఆసియాలో అంతకుముందు జపాన్ పంపిన నొజోమి కక్ష్యలోకి వెళ్లలేకపోయింది, రష్యా నౌక మీద వెళ్లిన చైనా యింగ్‌హువో భూమి కక్ష్య కూడా దాటలేదు.

ఇంత చేసిన నౌకను మనం దేనికి మెచ్చుకున్నాం? ఎక్కువగా చౌకకు. 450 కోట్లే, హాలీవుడ్ సినిమా కన్నా తక్కువ, కిలోమీటరు లెక్కన ఆటో కిరాయి కన్నా తక్కువ అన్న మాటలే ఊరూరా తిరిగాయి. ఆ లెక్కలో తప్పు లేదు, తక్కువ డబ్బుతో చేయడం గొప్పే. కానీ తెలియని చోటుకి వెళ్లిన నౌకను బేరం బాగా కుదిరిన సరుకులా పొగడటం నాకెప్పుడూ నచ్చలేదు. ఆ పొదుపుకి అది కట్టిన మూల్యం కూడా ఉంది. 1,337 కిలోల బరువులో 850 కిలోలకు పైగా ఇంధనమే. పరికరాలు ఐదు, అన్నీ కలిపి 15 కిలోలు, ఇంట్లో వాడే బియ్యం బస్తా పాటి బరువు కూడా లేవు. వాటిలో అందరూ ఆశగా ఎదురుచూసింది మీథేన్ సంవేదకం కోసం. కుజుడి మీద జీవం జాడ ఉందేమో ఆ వాయువు చెబుతుందని ఆశ. అది మీథేన్ సంగతి తేల్చలేకపోయింది. తర్వాత దాన్ని కుజుడి ఉపరితలం ఎంత వెలుగును తిప్పి పంపుతోందో కొలిచే పనికి మళ్లించారు. నివాళిలో లోపాలు చెప్పకూడదంటారు గానీ, ఈ లోపం చెబితే ఆ నౌక గౌరవం తగ్గుతుందని నేననుకోను.

దాని కళ్లు మాత్రం గొప్పవి. మోసుకెళ్లిన కొద్ది ఇంధనంతో అందింది బాగా సాగిన కోడిగుడ్డు ఆకారపు కక్ష్య. దగ్గరికొస్తే 420 కిలోమీటర్లు, దూరమెళితే 77 వేలు. చిన్న కక్ష్య కుదరక దొరికిన ఈ పెద్ద కక్ష్యే వరమైంది. దగ్గరగా తిరిగే నౌకలకు కుజుడు ముక్కలుగానే కనిపిస్తాడు. మంగళ్‌యాన్‌కు గోళమంతా ఒక్క చట్రంలో కనిపించేది. ఇంకో విశేషం డీమోస్. కుజుడి ఈ చిన్న చందమామ మన చందమామలాగే ఎప్పుడూ ఒకే మొహం లోపలికి తిప్పి ఉంచుతుంది. చాలా నౌకలు డీమోస్ దారికి లోపలే తిరుగుతాయి కాబట్టి వాటికి ఆ మొహమే కనిపిస్తుంది. మన నౌక ఆ దారి దాటి బయటికెళ్లి, వెనక వైపును ఫొటో తీసింది. ఈ ఒక్క ఫొటో కోసమైనా ఆ 450 కోట్లు సార్థకమని నా అభిప్రాయం. మొత్తం మీద వెయ్యికి పైగా చిత్రాలు పంపింది, వాటితో కుజుడి అట్లాసు వెలువడింది. చుట్టూ ఉన్న పలుచని వాయుమండలంలో ఊహించిన దానికన్నా వేడిగా ఉన్న ఆర్గాన్‌ను మరో పరికరం గుర్తించింది.

దానికి రాసిపెట్టిన ఆయుష్షు ఆరు నెలలు. 2017 జనవరిలో ఒక గండం వచ్చింది. కక్ష్య అలాగే ఉంటే కుజుడి నీడలో ఒక్కోసారి ఎనిమిది గంటల దాకా ఉండాల్సిన పరిస్థితి. బ్యాటరీ తట్టుకోగలిగింది గంటా నలభై నిమిషాలే. ఉన్న ఇంధనంలో సుమారు 20 కిలోలు ఖర్చు చేసి కక్ష్య మార్చారు. మిగిలింది 13 కిలోలు. ఆ 13 కిలోలను జాగ్రత్తగా వాడుకుంటూ ఇంకో ఐదేళ్లు నడిపించారు. 2022 ఏప్రిల్‌లో వరసగా గ్రహణాలు పట్టాయి, అందులో ఒకటి ఏడున్నర గంటలది. తప్పుకోవడానికి అప్పటికి ఇంధనం అడుగంటి ఉంటుందని ఇస్రో చెప్పింది. ఆ తర్వాత నౌక మళ్లీ పలకలేదు.

సైన్సు చెప్పే మాస్టార్లకూ టీచరమ్మలకూ ఒక మాట. మంగళ్‌యాన్ పంపిన సమాచారాన్ని ఇస్రో అందరికీ అందుబాటులో ఉంచింది. డీమోస్ వెనక వైపును మీ పిల్లలకు చూపించండి, కుజదోషం గురించి వాళ్లు అడిగితే తప్పించుకోకుండా జవాబు చెప్పండి. ఇస్రోకూ, దానికి నిధులిచ్చే ప్రభుత్వానికీ ఒక విన్నపం. 26 నెలలకోసారి తెరుచుకునే ఆ దారి 2013 తర్వాత ఎన్నోసార్లు తెరుచుకుంది, మన నౌక మళ్లీ బయల్దేరలేదు. దయచేసి రెండోదాన్ని త్వరగా పంపండి, ఈసారి పరికరాలకు 15 కిలోలతో సరిపెట్టకండి.