తప్పు జవాబును అచ్చువేయించిన శాస్త్రవేత్త



లెక్క తప్పితే మీ పిల్లలు ఆ పేజీ చింపేయడం మీరు చూసే ఉంటారు. ఈ నెల మీకు పరిచయం చేస్తున్న లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ఆ పేజీని చింపలేదు.

ఆయన 1881లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదువు ముగించాక కొంతకాలం ఒక పీట్ కంపెనీలో కెమిస్టుగా చేశారు. పీట్ అంటే చిత్తడి నేలల్లో నాచు పేరుకుని తయారయ్యే మెత్తటి మట్టి. ఎండబెట్టి పొయ్యిలో వాడతారు. దానిలోని నీరు పోవాలంటే కాలువలు ఎలా తవ్వాలి? సమీకరణం ఉంది, సాధించే దారే లేదు. మొదట గీతలు గీసి చూశారు. తర్వాత స్థలాన్ని గ్రాఫ్ పేపర్‌లా చిన్న గళ్లుగా విడదీసి, ఒక్కో గడి విలువను పక్క గళ్ల నుంచి లెక్కగట్టే పద్ధతికి వచ్చారు. కూడికలు, తీసివేతల వంటి మామూలు లెక్కలు చాలు. ఓపిక మాత్రం చాలా కావాలి!

రాతి ఆనకట్టపై పడే ఒత్తిడిని ఇలాగే లెక్కించడానికి కుర్రాళ్లను పెట్టుకున్నారు. లెక్కకింత అని కూలి, తప్పు చేస్తే లేదు. చురుకైన కుర్రాడు వారానికి సగటున 2,000 లెక్కలు చేసేవాడట. వాళ్లను ఎక్కువగా తికమకపెట్టినవి ప్లస్, మైనస్ గుర్తులేనని ఆయన రాసుకున్నారు. మా ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దే నాకు ఇది చదివి నవ్వొచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ఆయుధం పట్టలేదు. క్వేకర్ కుటుంబం వారిది. ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడిపారు. విరామాల్లో గడ్డి కుప్ప మీద కూర్చుని, 1910 మే 20 నాటి వాతావరణాన్ని అదే గళ్ల పద్ధతితో లెక్కగట్టారు. ఆరు గంటల్లో గాలి పీడనం 145 మిల్లీబార్లు పెరగాలని జవాబు వచ్చింది. నిజానికి ఆ రోజు అది దాదాపు కదలనే లేదు.

ఆ కాగితాలు 1917లో పోయి, నెలల తర్వాత బెల్జియంలో బొగ్గు కుప్ప కింద దొరికాయి. అక్కడితో వదిలేసినా అడిగేవారు లేరు. ఆయన మాత్రం 1922లో ప్రతి స్టెప్పుతో, ఆ తప్పు జవాబుతో సహా పుస్తకం వేశారు.

అదే పుస్తకంలో నేలలో నీటి కదలికకూ ఒక సమీకరణం ఉంది. తడి మట్టిలో నీరు సులువుగా కదులుతుంది, ఎండిన మట్టిలో కష్టంగా. అంటే ఎంత తేలిగ్గా కదలాలో ఆ నీరే నిర్ణయిస్తుంది. అందుకే ఆ లెక్క అంత మొండిది. 1931లో అమెరికాలో లోరెంజో రిచర్డ్స్ కూడా దీన్ని రాయడంతో ఆయన పేరే స్థిరపడింది. ఎరువు మట్టికి ఎంత అంటుకుంటుంది, ఎంత కిందికి దిగుతుంది అని చెప్పే ఎన్నో కంప్యూటర్ ప్రోగ్రాములు నేటికీ ఈ సమీకరణాన్నే గళ్లుగా విడదీసి సాధిస్తున్నాయి.

1950లో ఎనియాక్ కంప్యూటర్ మీద వాతావరణ లెక్క ఫలించిందని తెలిసి రిచర్డ్‌సన్ సంతోషించారు. 1953లో స్కాట్లాండ్‌లో కన్నుమూశారు. స్టెప్పులన్నీ అచ్చులో ఉండబట్టి తప్పెక్కడుందో తర్వాతివారు పట్టుకోగలిగారు. పద్ధతిలో కాదు, మొదట తీసుకున్న గాలి, పీడనం అంకెలు ఒకదానికొకటి పొసగలేదు. వాటిని సరిచేసి మళ్లీ లెక్కిస్తే, 145 బదులు ఒక్క మిల్లీబార్ కంటే తక్కువ మార్పు వచ్చింది.