బెల్లం ముక్క నుండి జీవకణం దాకా

అనకాపల్లి బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే ఇట్టే కరిగిపోతుంది. దానిలోని శక్తి చెరకు నరికే మనిషి చేతిలోకి ఎలా చేరుతుంది? ఆ జవాబు వెదికినవారిలో ఒకరు మన తెలుగువారే. ఈ వారం ఆయన జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. కష్టకాలంలో తల్లి వెంకమ్మగారు నగలమ్మి చదివించారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాలో తీసుకుపోయింది. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు తొడిగినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ తర్వాత బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదువు కొనసాగించారు.

మన దేహం కోటానుకోట్ల జీవకణాల కూడిక. తిన్న అన్నం, బెల్లం గ్లూకోజుగా మారి రక్తం ద్వారా ఆ కణాలకు చేరతాయి. కణం దాన్ని విడగొట్టి, వచ్చిన శక్తిని ఏటీపీ అనే పదార్థంలో నిలిపి, అవసరమైనప్పుడు ఖర్చు చేస్తుంది. 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు వేర్వేరుగా ఏటీపీని కండరాల్లో కనుగొన్నారు.

హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు కూడా అది మందయింది. బోదకాలుకు హెట్రజాన్ మాత్ర ఇచ్చిందీ ఆ బృందమే.

కణం రెండుగా చీలే ముందు తనలోని జన్యువులన్నిటికీ నకలు తీసుకోవాలి. ఆ పనికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అది లేకపోతే రక్తకణాలు సరిగా విభజన చెందవు, రక్తహీనత వస్తుంది. అదే పనిని క్యాన్సర్ కణాల్లో అడ్డుకునే మందులనూ వారు తయారు చేశారు. వాటిలో మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో, 53వ ఏట ఆయన కన్నుమూశారు. అమెరికా వెళ్లాక స్వదేశం తిరిగి చూడలేదు. నోబెల్ బహుమతి రాలేదు. ఆయన పేరు ఎరుగని ఇళ్లలోకి ఆయన మందు మాత్రం చేరింది.

తల్లి కడుపులో బిడ్డ మొదట ఒకే కణం. సగం జన్యువులు తల్లివి, సగం తండ్రివి. అది చీలి, చీలి దేహమవుతుంది. బిడ్డ వెన్నుపాము తొలి వారాల్లోనే రూపు దిద్దుకుంటుంది. అందుకే గర్భిణులకు ఫోలిక్ మాత్రలిస్తారు. వేడి చేస్తాయని వాటిని గూట్లో దాచిపెట్టే చెల్లెళ్లు మన సంఘాల్లోనూ ఉన్నారు. అనకాపల్లి ప్రాంత స్త్రీల సమాజాలు ఈ నెల కూడికలో ఈ సంగతి మాట్లాడాలనీ, సందేహముంటే డాక్టరును అడగమని చెప్పాలనీ మేము కోరుతున్నాం.