గిరీశాన్ని మార్చే ముందు గురజాడను అడిగామా?



ఈసారి యాన్యువల్ డేకి మా ఎనిమిదో తరగతి పిల్లలు కన్యాశుల్కం నుంచి ఒక స్కిట్ వేస్తున్నారని మీలో చాలామందికి తెలుసు. స్క్రిప్ట్ రాసింది నేనే. పన్నెండు నిమిషాల్లో అయిపోవాలి, నవ్వు రావాలి, ఇంగ్లీషు డైలాగులు బాగా పడాలి అనుకున్నాను. మధురవాణి వేశ్య కదా, స్కూల్ స్టేజీ మీద ఆ పాత్ర ఎందుకని మీరు అడుగుతారేమోనని భయపడి ఆవిడను పూర్తిగా తీసేశాను. ముసలాయనతో చిన్నపిల్ల పెళ్లి ఆపే పని ఎవరో ఒకరు చెయ్యాలి కాబట్టి దాన్ని గిరీశానికి ఇచ్చాను. పిల్లలకు గిరీశం బాగా నచ్చేశాడు.

గత నెల ఒక సాయంత్రం మనవడిని తీసుకెళ్లడానికి వచ్చిన ఒక తాతగారు రిహార్సల్ చివరిదాకా కూర్చుని చూశారు. తర్వాత నన్ను పిలిచి, ఇన్ని మార్పులు చేశావు కదమ్మా, రాసినాయన్ని అడిగావా అన్నారు. ఆయన పోయి వందేళ్లు దాటింది కదండీ అని నేను నవ్వేశాను. తాతగారు నవ్వలేదు. నా దగ్గర ఉన్న పుస్తకం తెరిచి చూడమని మాత్రం చెప్పి వెళ్లిపోయారు.

నిజం చెప్పాలంటే అప్పటికి నేను కన్యాశుల్కం మొదటి నుంచి చివరి దాకా చదవలేదు. ఆ వారమంతా చదివాను. రాసినాయన గురించి కూడా చదివాను. అందులో కొంత మీతో పంచుకోవాలని ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

మన పక్క ఊళ్లో చదువుకున్న కుర్రాడు

గురజాడ వెంకట అప్పారావు గారు 1862 సెప్టెంబర్ 21న విశాఖ ప్రాంతంలోని రాయవరంలో పుట్టారు. తండ్రి విజయనగరం సంస్థానంలో ఉద్యోగి. ఆయన ఉద్యోగం వల్ల అప్పారావు గారి మొదటి చదువు ఎక్కడ సాగిందో తెలుసా? మన చీపురుపల్లిలో. గరివిడి నుంచి మీరు రోజూ సంతకో, బ్యాంకుకో వెళ్లివచ్చే చీపురుపల్లే. ఈ సంగతి క్లాసులో చెప్పగానే అక్కడి నుంచి బస్సులో వచ్చే పిల్లలందరూ నిటారుగా కూర్చున్నారు.

తండ్రి పోయాక చదువు కష్టమైంది. విజయనగరంలో మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు ఈ కుర్రాడి తెలివి చూసి, తన ఇంట్లోనే ఉంచుకుని భోజనం పెట్టి చదివించారు. 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ. పూర్తయ్యాయి. అదే ఏడాది మహారాజా వారి హైస్కూల్లో టీచరుగా చేరారు. జీతం నెలకు 25 రూపాయలు. 1886లో బి.ఏ. పట్టా వచ్చింది. తర్వాత కాలేజీలో లెక్చరర్ అయ్యారు. ఆనంద గజపతి మహారాజు గారికి దగ్గరయ్యారు.

మీ పిల్లలను ఇంగ్లీషు మీడియంలో చదివిస్తున్న మీకు, అందులో పాఠాలు చెప్పే నాకు పనికొచ్చే విషయం ఒకటుంది. అప్పారావు గారు మొదట కవిత్వం రాసింది ఇంగ్లీషులో. 1883లో సారంగధర కథను ఇంగ్లీషు పద్యాలుగా రాశారు. కలకత్తాలో పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ గారు దాన్ని మెచ్చుకుంటూనే, సొంత భాషలో రాస్తే ఇంకా పైకి వెళ్తావని సలహా ఇచ్చారు. ఆ మాట ఆయన మనసులో నిలిచింది. అలాగని ఇంగ్లీషు వదిలెయ్యలేదు. కన్యాశుల్కానికి ముందుమాట ఇంగ్లీషులోనే రాశారు.

నాటకం వెనుక ఉన్న లెక్క

ఆ ముందుమాట చదివినప్పుడు నాకు స్కిట్ మీద సరదా తగ్గిపోయింది. డబ్బు తీసుకుని ఆడపిల్లలకు పెళ్లి చేసే ఆచారం బ్రాహ్మణ కుటుంబాల్లో ఎంత ఉందో తెలుసుకోవాలని మహారాజు గారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల లెక్క తీయించారు. అలాంటి పెళ్లిళ్లు 1034 తేలాయి. వాటిలో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44 మంది. మూడేళ్లవాళ్లు 36 మంది. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకు పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు.

టీచరుగా ఆయన మొదటి జీతం ఎంతో ఇందాక చెప్పాను. ఒక పసిపిల్ల ధర ఆ టీచరు ఏడాది జీతం కంటే ఎక్కువ. మన ప్రీ ప్రైమరీ బ్లాకులో మధ్యాహ్నం నిద్రపోయే పిల్లలను ఒకసారి తలచుకోండి. ఈ నాటకం వాళ్ల వయసు పిల్లల కోసం రాసింది.

1892 ఆగస్టులో విజయనగరంలో నాటకం మొదటిసారి ఆడినప్పుడు ఆయనకు 29 ఏళ్లు. ఇంచుమించు నా వయసు. 1897లో పుస్తకం అచ్చయింది. నాటకాలంటే గ్రాంథికం, పద్యాలు అనుకునే రోజుల్లో, మన విజయనగరం మనుషులు మాట్లాడుకునే తెలుగులోనే పాత్రలను మాట్లాడించారు.

తన పాత్రలను తానే మార్చిన రచయిత

తాతగారి ప్రశ్నకు జవాబు నాకు ఇక్కడ దొరికింది. పుస్తకం వచ్చి పేరు తెచ్చుకున్న పన్నెండేళ్ల తర్వాత, ఆరోగ్యం అంతంత మాత్రంగా ఉన్న రోజుల్లో, అప్పారావు గారు అదే నాటకాన్ని మళ్లీ రాశారు. 1909లో వచ్చిన రెండో కూర్పు ఇంచుమించు కొత్త నాటకం. ఈ రోజు మనం చదివేది దాన్నే.

ఆ మార్పుల్లో మధురవాణి ఎంతో పెరిగింది. ముసలి లుబ్ధావధాన్లతో సుబ్బి పెళ్లి తప్పించడానికి కరటక శాస్త్రి ఎత్తు వేస్తాడు. శిష్యుడికి ఆడపిల్ల వేషం వేయించి తీసుకొస్తాడు. ఆ ఎత్తు పారేలా సాయపడేది మధురవాణి. చివర్లో గిరీశం అసలు రంగు బయటపెట్టేదీ ఆవిడే. లోకం తక్కువగా చూసే మనిషిలో మంచితనాన్ని, ఇంగ్లీషు ముక్కలతో పెద్దమనిషిలా తిరిగేవాడిలో మోసాన్ని చూపించడానికి రచయిత అంత శ్రమపడ్డారు. నేనేమో పన్నెండు నిమిషాల కోసం దాన్ని తలకిందులు చేశాను. మధురవాణి మాయమైంది, గిరీశం హీరో అయ్యాడు. గిరీశం కూడా ఇంగ్లీషు ట్యూషన్ మాస్టారే కదా, నాకు తెలియకుండానే మా వాడని వెనకేసుకొచ్చానేమో!

1910లో ముత్యాల సరాలు, దిద్దుబాటు కథ వచ్చాయి. 1914లో చదువులో వాడుక భాషకు చోటు ఉండాలని మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చారు. 1915 నవంబర్ 30న విజయనగరంలో కన్నుమూశారు. 53 ఏళ్ల జీవితం.

అడగడానికి మనిషి లేనప్పుడు

ఆయన పోయిన నలభై ఏళ్లకు, 1955లో, కన్యాశుల్కం సినిమాగా వచ్చింది. పి. పుల్లయ్య గారి దర్శకత్వం. ఎన్.టి. రామారావు గారు గిరీశం, సావిత్రి గారు మధురవాణి. సావిత్రి గారి మధురవాణిని మెచ్చుకోనివాళ్లు తక్కువ. కానీ నాటకాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లకు సినిమాలో తగ్గినదీ మారినదీ ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. మరోపక్క మన విజయనగరం అన్నదమ్ములు జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి గార్లు ఏళ్ల తరబడి ఈ నాటకాన్ని ఊరూరా ఆడారు. గంటల తరబడి సాగే నాటకాన్ని వాళ్లూ కుదించుకోక తప్పలేదు.

హ్యారీ పాటర్ సినిమాలు తీసినప్పుడు రచయిత్రి రౌలింగ్ గారు బతికే ఉన్నారు కాబట్టి అడిగారు. బ్రిటిష్ నటులే ఉండాలని ఆవిడ పట్టుబట్టగలిగారు. గురజాడ వారికి ఆ అవకాశం లేదు. ఆయన్ని అడగాలంటే ఒకటే దారి, ఆయన రాసింది పూర్తిగా చదవడం. చదివాక కుదించవచ్చు, భాష మార్చవచ్చు. ఆయనే మార్చారు కదా! కానీ ఎవరి పక్షాన నిలబడి ఆయన రాశారో ఆ పక్షం మాత్రం మారకూడదు. నాకు అర్థమైంది ఇంతే.

అందుకే స్క్రిప్ట్ మళ్లీ రాశాను. మధురవాణి తిరిగి వచ్చింది. ఆవిడ ఎవరని పిల్లలు అడిగితే, ఆ రోజుల్లో సంఘం పెళ్లికి, గౌరవానికి దూరం పెట్టిన ఒక స్త్రీ అని చెప్పాను. పిల్లలు ఇబ్బంది పడలేదు. ఇబ్బంది నాలోనే ఉండేది. మీకెవరికైనా అభ్యంతరం ఉంటే దయచేసి స్కూలుకు వచ్చి నాతో మాట్లాడండి. గిరీశం వేస్తున్న అబ్బాయి మాత్రం కాస్త అలిగాడు. మోసగాడి వేషం వెయ్యడమే అసలైన కష్టం అని చెబితే ఇప్పుడు ఇంట్లో అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తున్నాడట.

మీకు ఒక చిన్న విన్నపం. పిల్లలు సినిమాగానో, కార్టూన్‌గానో చూసి ఇష్టపడిన కథ అసలు పుస్తకం ఏదో కనుక్కుని, వారానికి కొన్ని పేజీలు వాళ్లతో కలిసి చదవండి. ఎక్కడ మార్చారో వాళ్లనే పట్టుకోమనండి. ఒక ఆదివారం రైలెక్కి విజయనగరం వెళ్లి గురజాడ వారి ఇల్లు చూపించండి.

తాతగారూ, ఈ పేజీ మీ మనవడి చేత మీకు చదివించమని చెప్పాను. యాన్యువల్ డేకి తప్పకుండా రండి. ఈసారి స్కిట్ అయ్యాక మీరేమంటారో వినాలని ఉంది.