మహాత్ముడికి వచ్చిన 24 గంటల కడుపునొప్పి

నేటి యాంగోన్ మన తాతల కాలంలో రంగూన్. బతుకుతెరువు కోసం కాకినాడ, విశాఖ తీరాల నుంచి వేలాది తెలుగువారు ఓడలెక్కి వెళ్ళిన నగరం అది. గాంధీజీ కూడా 1902, 1915, 1929 సంవత్సరాలలో అక్కడికి వెళ్ళారు. అక్కడ ఆయన ప్రాణమిత్రుడు డాక్టర్ ప్రాణ్‌జీవన్ మెహతా ఉండేవారు.

1869 అక్టోబరు 2న పోర్‌బందర్‌లో పుట్టిన గాంధీజీ 1888లో బారిస్టరు చదువుకు లండన్ చేరారు. దిగిన రోజునే హోటల్‌కు వచ్చి పలకరించి, అక్కడి పద్ధతులు నేర్పిన వ్యక్తి మెహతా. వైద్యం, న్యాయం రెండూ చదివిన మెహతా తర్వాత రంగూన్‌లో స్థిరపడి నగల వ్యాపారం చేశారు. గాంధీజీ చేపట్టిన పనులకు ధారాళంగా డబ్బు ఇచ్చారు.

1909లో లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు తిరిగి వెళ్తూ గాంధీజీ ఓడలోనే 'హింద్ స్వరాజ్' రాశారు. మెహతా కోసమే ఆ పుస్తకం రాశానని ఆయనే తర్వాత చెప్పారు. విచిత్రం ఏమిటంటే, డాక్టరు చదువు చదివిన మిత్రుడి కోసం రాసిన ఆ పుస్తకంలోనే డాక్టర్లనూ, ఆసుపత్రులనూ ఆయన తీవ్రంగా విమర్శించారు.

పదిహేనేళ్ళ తర్వాత ఆ అభిప్రాయానికి పరీక్ష ఎదురైంది. 1922 మార్చిలో ఆరేళ్ళ శిక్ష పడి ఎరవాడ జైలులో ఉన్న గాంధీజీకి 1924 జనవరిలో కడుపునొప్పి, జ్వరం వచ్చాయి. పుణెలోని ససూన్ ఆసుపత్రికి తరలించారు. అది అపెండిసైటిస్ అని తేలింది. మన ఊళ్ళలో దీన్నే 24 గంటల నొప్పి అంటారు. ఆలస్యమైతే అపెండిక్స్ పగిలి, చీము కడుపంతా పాకి ప్రాణం మీదికి వస్తుంది. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు.

గాంధీజీ తనకు నమ్మకమైన డాక్టర్లను కోరారు. 1919లో ఆయనకు మొలల ఆపరేషన్ చేసిన డాక్టర్ దలాల్ వారిలో ఒకరు. వారు వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. తనను జైలులో పెట్టిన ప్రభుత్వానికి చెందిన సర్జన్ కల్నల్ మాడక్ చేతికి తన ప్రాణాన్ని అప్పగిస్తూ, శ్రీనివాస శాస్త్రి సమక్షంలో అంగీకారపత్రం మీద సంతకం చేశారు. జనవరి 12 రాత్రి ఆపరేషన్ జరుగుతుండగా గాలివానకు కరెంటు పోయింది. నర్సు పట్టుకున్న టార్చిలైటు కూడా ఆరిపోయింది. చివరికి లాంతరు వెలుగులో పని పూర్తిచేశారు. ఫిబ్రవరి 5న ప్రభుత్వం ఆయనను విడుదల చేసింది. ఆధునిక వైద్యంపై విమర్శను గాంధీజీ పూర్తిగా వదులుకోలేదు గానీ, ఆ రాత్రి మాత్రం పంతానికి పోలేదు. ఆ తర్వాత మరో 24 ఏళ్ళు దేశానికి దక్కారు.

1932 ఆగస్టులో మెహతా రంగూన్‌లో కన్నుమూశారు. అప్పుడు గాంధీజీ మళ్ళీ ఎరవాడ జైలులోనే ఉన్నారు.

ఈ జబ్బు లక్షణాలు మనమూ గుర్తుంచుకోవాలి. నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో పొత్తికడుపు కుడివైపుకు దిగుతుంది. ఆకలి పోతుంది. వికారం, వాంతులు, కొద్దిపాటి జ్వరం ఉండవచ్చు. నడిచినా, దగ్గినా నొప్పి ఎక్కువవుతుంది. పిల్లల్లో, గర్భిణుల్లో, వృద్ధుల్లో ఈ లక్షణాలు ఇంత స్పష్టంగా కనిపించకపోవచ్చు. డాక్టరు కడుపు నొక్కి చూసి, రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ లేదా సి.టి. స్కాన్‌తో నిర్ధారిస్తారు. నేడు చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీతో చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇల్లు చేరుతున్నారు. జబ్బు ముదరనప్పుడు కొందరికి యాంటీబయాటిక్స్ సరిపోతాయి. అయితే 2020లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, అలా మందులతో మొదలుపెట్టిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురికి 90 రోజుల్లోపే ఆపరేషన్ అవసరమైంది.

ఇండియా నుంచి అమ్మో నాన్నో ఫోన్‌లో ఇలాంటి నొప్పి గురించి చెబితే ఆముదం తాగమనీ, విరేచనాల మందు వేసుకోమనీ సలహా ఇవ్వకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళమనండి. మనకే వస్తే, వీకెండ్ దాకా ఆగుదామని అనుకోవద్దు. తనకు నచ్చిన డాక్టర్ల కోసం మహాత్ముడే ఆగలేదు కదా!